బడి సమాచారమంతా ఫోనులోనే వస్తుంటే, పిల్లల చేతికి ఫోను అందకుండా చూడటం ఎలా?

ప్రశ్న
తొమ్మిదో తరగతి విద్యార్థి తల్లి, తెనాలి

నమస్కారం. మా అబ్బాయి ఇక్కడి ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. సెల్‌ఫోను విషయంలో ఆ బడి నియమం చాలా కఠినంగా ఉంటుంది. పిల్లవాడి సంచిలో ఫోను కనిపిస్తే తల్లిదండ్రులను పిలిపించి సంతకం తీసుకుంటారు, రెండోసారి దొరికితే వార్షిక పరీక్షలు అయ్యేవరకు తిరిగి ఇవ్వరు. జూన్‌లో ఫీజు కట్టిన రోజున ఆ కాగితం మీద నేను ఇష్టపూర్వకంగానే సంతకం చేశాను, ఆ నియమం మంచిదని ఇప్పటికీ నమ్ముతున్నాను. నా ఇబ్బంది సాయంత్రం ఐదున్నర తరువాత మా ఇంట్లో మొదలవుతుంది.

బడికి సంబంధించిన ప్రతి కబురూ తరగతి వాట్సాప్ గ్రూపులోనే వస్తుంది. లెక్కల మాస్టారు బోర్డు ఫొటో పెడతారు, సైన్సు మేడమ్ ప్రాజెక్టు కోసం వీడియో లింకు పెడతారు, హిందీ ప్రశ్నలు, మరునాటి స్లిప్ టెస్టు, శనివారం వేసుకు రావలసిన చొక్కా రంగు, ఫీజు గడువు, బస్సు ఆలస్యం, అన్నీ అందులోనే. పోయిన మంగళవారం ఓపికగా కూర్చుని లెక్క పెట్టాను. సాయంత్రం ఆరింటి నుంచి రాత్రి పదింటి లోపు 79 సందేశాలు వచ్చాయి. వాటిలో ఉపాధ్యాయులు పంపినవి 13, మరునాటికి నిజంగా అవసరమైనవి మూడు. మిగిలినవన్నీ ‘ఓకే సర్’, ‘థాంక్యూ మేడమ్’, చేతులు జోడించిన బొమ్మలు, ‘మా పాప ఈ రోజు రాలేదు, నోట్సు ఎవరైనా పెట్టండి’ అనే అభ్యర్థనలు.

నేను బట్టల దుకాణంలో పనిచేస్తాను. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది. మావారు లారీ మీద వెళితే వారం పది రోజులు ఇంటికి రారు. అందువల్ల ఆయన పాత ఫోను ఇంట్లో ఉంచి, ఆ నంబరునే గ్రూపులో చేర్పించాం. నేను వచ్చేవరకు ఇంట్లో మా అబ్బాయి, మంచం మీద ఉన్న మా అత్తగారు మాత్రమే ఉంటారు, ఫోను వాడి చేతిలోనే ఉంటుంది.

పది రోజుల కిందట రాత్రి పదకొండు దాటాక మెలకువ వచ్చి చూస్తే వాడి దుప్పటి లోపల వెలుతురు కనిపించింది. దుప్పటి తీశాను. లెక్కల నోటుపుస్తకం గుండెల మీద తెరిచి ఉంది, మూడో లెక్క సగంలో ఆగిపోయి ఉంది, పెన్నుకు మూత కూడా పెట్టలేదు, ఫోనులో మాత్రం రీల్స్ తిరుగుతున్నాయి. కోపంతో చెయ్యి ఎత్తాను కానీ, వాడు ఏడుస్తూ చెప్పిన మాట విని ఆగిపోయాను. ‘మాస్టారు పెట్టిన ఫొటోలో నాలుగో లెక్క సరిగా కనపడలేదమ్మా, ఎవరైనా మళ్లీ పెడతారేమోనని చూస్తూ ఉన్నాను, తరువాత ఎప్పుడు ఇటు వచ్చానో నాకే తెలియలేదు’ అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. ఆ ఫొటో కింద మరో ఇద్దరు తల్లులు కూడా నాలుగో లెక్క కనపడలేదనే రాసి ఉన్నారు.

ఆ రాత్రే వాడి బడి డైరీ తీసి చూశాను. జూన్ నెలలో పన్నెండు రోజులు హోంవర్కు రాసుకున్నాడు, అక్కడి నుంచి అన్నీ తెల్ల కాగితాలే. ఎందుకు రాయడం లేదని అడిగితే, గ్రూపులో పెడతారు కదా, డైరీలో ఎవరూ రాయించడం లేదని చెప్పాడు.

ఫోనే వద్దని నేను అనడం లేదు. మొన్నటి వానల్లో బస్సు దారిలో ఆగిపోయినప్పుడు ఆ కబురు పది నిమిషాల్లో అందింది కనుకనే మేమందరం స్థిమితంగా ఉండగలిగాం. రెండు వారాల్లో తల్లిదండ్రుల సమావేశం ఉంది. బడి కబుర్లు తల్లిదండ్రులకు చేరాలి, చదువు పని మాత్రం పిల్లల చేతికి ఫోను లేకుండానే జరగాలి. ఇది ఏ బడిలోనైనా సాధ్యమైందా? నేను అక్కడ లేచి ఏమి అడిగితే ఉపాధ్యాయులు నొచ్చుకోకుండా ఒప్పుకుంటారు? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల

అమ్మా, మీరు రాసిన తెల్ల కాగితాల డైరీని నేను చాలా ఇళ్లలో చూశాను. అది ఎలా ఖాళీ అయిందో మొదట చెబుతాను, ఎందుకంటే సమావేశంలో మీ వాదనకు అది పనికివస్తుంది.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు ప్రభుత్వం దూరదర్శన్ సప్తగిరి ఛానెల్‌లో పాఠాలు ప్రసారం చేయించింది. ఆ పాఠాల మీద అభ్యాసాలు పంపడానికి, పిల్లలు రాసినవి తెప్పించుకుని దిద్దడానికి మాకు వేరే దారి లేక ప్రతి తరగతికీ వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. టీవీ కూడా లేని ఇళ్లకు మా ఉపాధ్యాయులు సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద వెళ్లి కాగితాలు ఇచ్చివచ్చారు. అప్పుడు అది కష్టకాలంలో వేసుకున్న కర్రల వంతెన. బడులు తెరిచాక ఆ వంతెన అవసరం తీరింది, కానీ దాన్ని తీసివేయాలని మాలో ఎవరికీ తోచలేదు. సౌకర్యంగా ఉంది కదా అని దాని మీదుగానే నడుస్తూ వచ్చాం. ఆ తప్పులో నాకూ భాగం ఉంది.

తరువాత 2023 జూలైలో యునెస్కో తన నివేదికలో బడుల్లో ఫోను వాడకం గురించి హెచ్చరించింది. ఫోను దగ్గర ఉంటేనే పిల్లల ధ్యాస చెదురుతుందని, ఒకసారి చెదిరిన ధ్యాస మళ్లీ పాఠం మీద నిలవడానికి 20 నిమిషాల వరకు పట్టవచ్చని అందులో ఉంది. మరుసటి నెలలోనే మన రాష్ట్రంలో విద్యార్థులు బడికి ఫోను తేకూడదని, ఉపాధ్యాయులు కూడా దాన్ని తరగతి గదిలోకి తీసుకువెళ్లకూడదని ఉత్తర్వు వచ్చింది. తరగతి గదికి ఆ 20 నిమిషాల లెక్క ఎంత నిజమో, మీ అబ్బాయి లెక్కలు చేసుకునే చాపకూ అంతే నిజం. నాలుగు గంటల్లో 79 సార్లు ఫోను మోగే చోట తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒక లెక్కను మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయగలడు?

మా బడిలో రెండు పనులు చేశాం. ఒకటి, దూరపు ఊళ్ల పిల్లలు కొందరు ఫోను తెచ్చుకోక తప్పదు కనుక, ఊళ్లో వడ్రంగి చేత 48 గళ్ల చెక్కపెట్టె చేయించి ఆఫీసులో పెట్టాం. ప్రతి గడికి ఒక అంకె, అదే అంకె ఉన్న అట్టముక్క పిల్లవాడి జేబులో. మొదటి వారంలోనే ఇబ్బందులు వచ్చాయి. ఎవరిదో అలారం మోగింది, ఒకరి ఫోను అద్దం పగిలి ఉంటే అది ఎప్పుడు పగిలిందన్న తగువు వచ్చింది. అప్పటి నుంచి ఫోను ఆపివేసి ఇవ్వాలని, ఇచ్చేటప్పుడు అద్దం చూసి పుస్తకంలో రాయాలని, అన్నిటికంటే ముఖ్యంగా ‘మా పిల్లవాడికి ఫోను అవసరం’ అని ఇంటి పెద్దల సంతకంతో ఉత్తరం తేవాలని పెట్టాం. ఉత్తరం అడిగాక మొదటి నెలలో 31 ఉన్న ఫోన్లు దసరా నాటికి 9కి తగ్గాయి. ఆ తొమ్మిదీ నిజమైన అవసరాలే.

రెండోది మీకు పనికివచ్చేది. చివరి పీరియడులో ఆఖరి పది నిమిషాలు డైరీకి కేటాయించాం. ఆ రోజు ప్రతి ఉపాధ్యాయుడూ తన పీరియడు అయ్యాక బోర్డు ఎడమ మూలన ఒక్క వాక్యంలో పని రాసి, దాన్ని చెరపకుండా వదిలి వెళ్లాలి. చివరికి ఆ మూలలో ఐదారు వాక్యాలు ఉంటాయి, పిల్లలు వాటిని రాసుకుంటారు, తరగతి ఉపాధ్యాయుడు వరసల మధ్య నడుస్తూ ఒక చూపు చూస్తాడు. చెప్పడానికి చిన్న సంగతే. కానీ రేపటి పనిని తన చేతితో రాసుకున్న పిల్లవాడు ఇంటికి వెళ్లి ‘ఏమి చెయ్యాలి’ అని ఎవరినీ అడగడు. ఇంకో మేలు కూడా జరిగింది. ఒకే రోజున ఆరుగురు ఉపాధ్యాయులు ఎంత పని ఇస్తున్నారో బోర్డు మీద ఒకేచోట కనిపించేసరికి, మాకే సిగ్గేసి తగ్గించుకున్నాం.

గ్రూపును మూసివేయలేదు. సెలవు, బస్సు, పిల్లల ఆరోగ్యం, పరీక్ష తేదీ మార్పు, ఈ నాలుగింటికి మాత్రమే ఉంచాం. ఫోను లేని ఇళ్ల కోసం గేటు పక్కన నల్లబోర్డు మీద వారం కబుర్లు రాయించేవాళ్లం, తల్లిదండ్రుల సమావేశానికి ముందు రోజు రామాలయం మైకులో చెప్పించేవాళ్లం. మనవళ్లను దింపడానికి వచ్చే నాయనమ్మలు ఆ బోర్డును కూడబలుక్కుని చదవడం నేను కళ్లారా చూశాను.

ఒక ఊరంతా కలిసి చేసిన ఉదాహరణ కూడా ఉంది. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడగావ్ గ్రామంలో 2022 నుంచి రాత్రి ఏడింటికి సైరన్ మోగిస్తున్నారు. అది మోగగానే గంటన్నర సేపు ఇళ్లలో టీవీలు, ఫోన్లు ఆపివేసి పిల్లలను చదువుకు కూర్చోబెట్టడం వారు చేసుకున్న కట్టుబాటు. పెద్దలు కూడా ఆపుతారు కనుకనే అది నిలబడింది.

సమాధానం 2
ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని, విజయవాడ

మాస్టారూ, మీరు చెప్పిన బోర్డు మూల పద్ధతి నాకు ఎంతో నచ్చింది. అయితే ప్రైవేటు బడిలో అది అంత తేలికగా అమలు కాదు, ఎందుకో తెనాలి అమ్మగారికి చెప్పడం అవసరం అనిపించింది.

హోంవర్కు గ్రూపులో పెట్టడం మా ఇష్టం మీద జరగదు. మేము పని చేశామనడానికి అది సాక్ష్యం. ఏ టీచరు ఏ పూట ఏమి పెట్టారో ఇన్‌ఛార్జి చూస్తారు, పెట్టకపోతే మరునాడు అడుగుతారు. నేను ఎనిమిదేళ్లుగా పిల్లల డైరీల మీద సంతకాలు చేస్తున్నాను, కానీ డైరీని ఇన్‌ఛార్జి ఎన్నడూ అడగలేదు. గ్రూపును మాత్రం రోజూ చూస్తారు. ఇక రెండో కారణం తల్లిదండ్రులు. ఒక్కరోజు నేను ఫొటో పెట్టకపోతే రాత్రి తొమ్మిదింటికి నలుగురైనా ఫోను చేసి హోంవర్కు ఏమిటని అడుగుతారు. వారిలో ఇద్దరు, పక్క స్కూల్లో ఎంత బాగా పెడుతున్నారో చూడండి అని కూడా అంటారు. నా ఇంట్లోనూ ఇద్దరు పిల్లలున్నారు. అన్నం కలిపి పెడుతూ ఒక చేత్తో మీ పిల్లల సందేశాలకు జవాబు ఇస్తుంటే, నా పిల్లలు నా ముఖం కంటే నా ఫోను వెనకవైపే ఎక్కువ చూస్తున్నారు.

అందువల్ల, అమ్మా, మీరు సమావేశంలో టీచర్లను అడగకండి, కరస్పాండెంట్ గారిని అడగండి. ‘గ్రూపులో పెట్టినదాన్ని కాకుండా డైరీని పనికి సాక్ష్యంగా తీసుకోండి’ అని అడగండి. ఆ ఒక్క మాటకు ఆయన ఒప్పుకుంటే మేమంతా మీ వెనుక ఉంటాం, మాకు మీరు మేలు చేసినవారవుతారు. మీతోపాటు పదిమంది తల్లిదండ్రుల సంతకాలు ఉంటే మంచిది, ఎందుకంటే గ్రూపులో పెట్టకపోతే అడ్మిషన్లు తగ్గుతాయన్నదే యాజమాన్యం భయం, ఆ భయం తీర్చగలిగేది మీరే.

అంతవరకు వెంటనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వాట్సాప్ గ్రూపు సెట్టింగుల్లో అడ్మిన్‌లు మాత్రమే సందేశాలు పంపేలా పెట్టుకోవచ్చు. మా తరగతిలో అది పెట్టిన రోజునే ‘ఓకే సర్’లు ఆగిపోయాయి. ఐదుగురు టీచర్లు ఐదు వేళల్లో పెట్టకుండా, క్లాస్ టీచర్ ఒక్కరే సాయంత్రం ఐదింటికి అన్నీ కలిపి ఒకే సందేశం పంపాలి. అది ఫొటోగా కాకుండా టైపు చేసి ఉండాలి, అప్పుడు మీరు దుకాణం నుంచే చదివి ఇంటికి ఫోను చేసి చెప్పగలరు, చదవడం రాని తల్లులకైతే అదే విషయాన్ని వాయిస్ మెసేజ్‌గా పెట్టవచ్చు. వీడియో లింకు ఇస్తే మాత్రం పిల్లవాడు ఆ వీడియో దగ్గర ఆగడు, దాని కింద మరొకటి సిద్ధంగా ఉంటుంది. చూపించవలసిన వీడియో ఉంటే బడిలో డిజిటల్ బోర్డు మీద అందరికీ ఒకేసారి చూపించమని అడగండి.

ఇంకో మాట. కొన్ని గ్రూపుల్లో అందరి మార్కుల జాబితా పెడుతున్నారు, ఫీజు కట్టనివారి పేర్లు పెడుతున్నారు. పిల్లలు చూసే ఫోనులో అవి ఉండటం ఎంత గాయమో నేను తరగతిలో చూస్తున్నాను. మీ గ్రూపులో అలాంటిది ఉంటే అది కూడా ఆపమని గట్టిగా అడగండి.

సమాధానం 3
ఇద్దరు పిల్లల తల్లి, డల్లాస్ దగ్గర, టెక్సాస్

నమస్కారమండీ. ఇక్కడి అనుభవం మీకు కొంత పనికిరావచ్చునని రాస్తున్నాను. టెక్సాస్‌లో 2025 జూన్‌లో 1481వ నంబరు హౌస్ బిల్లు చట్టమైంది. దాని ప్రకారం ప్రభుత్వ బడుల్లో పిల్లలు బడి వేళల్లో సొంత ఫోను వాడకూడదు, స్మార్ట్ వాచీలకు కూడా అదే వర్తిస్తుంది. ఎక్కడ దాచాలి, పట్టుబడితే ఏమి చేయాలి అన్నది ఒక్కో స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ, తన నియమాల్లో రాసుకోవాలి. డాక్టరు కాగితం ఉన్న పిల్లలకు, ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లలకు మినహాయింపు ఉంది.

మొదట్లో మా తెలుగు తల్లిదండ్రుల్లోనే చాలామంది భయపడ్డారు, నేనూ భయపడ్డాను. 2022 మేలో ఇదే రాష్ట్రంలో యువాల్డీ పట్టణంలోని బడిలో కాల్పులు జరిగి 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయారు. ఆ గదిలోంచి పిల్లలు ఫోను చేసి పోలీసులను పిలిచారన్న సంగతి ఇక్కడ ఏ తల్లీ మరిచిపోలేదు. మా అమ్మాయి సంచిలో ఫోను లేకుండా బడికి పంపిన మొదటి వారం నాకు ఆఫీసులో పని సాగలేదు. అటువంటి సమయంలో ఫోను మోగితే దాక్కున్న చోటు తెలిసిపోతుందని, పిల్లల చూపు టీచరు మీద ఉండటమే క్షేమమని బడివారు మాకు నచ్చజెప్పారు. నా బుద్ధి ఒప్పుకుంది కానీ మనసు ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

మేలు మాత్రం కనిపించింది. మా అమ్మాయి పదో తరగతి. ఇదివరకు భోజనం బల్ల దగ్గర ఎవరి ఫోను వారు చూసుకునేవారట, ఇప్పుడు పేకముక్కలు తెచ్చుకుని ఆడుకుంటున్నారట. ఒక రోజు ఇంటికి వచ్చి, రెండేళ్లుగా పక్కన కూర్చునే అమ్మాయిది కూడా మన ఊరి దగ్గరేనమ్మా, గుడివాడ అట అని చెప్పింది. రెండేళ్లు పక్కపక్కనే కూర్చున్నారు!

బడి సమాచారం విషయంలో ఇక్కడి పద్ధతి ఏమిటంటే, కబుర్లన్నీ తల్లిదండ్రులకు ఈమెయిల్‌లోనూ బడి యాప్‌లోనూ వస్తాయి. పిల్లలకు అత్యవసరంగా ఏదైనా చెప్పాలంటే బడి ఆఫీసుకు ఫోను చేస్తే వారు తరగతికి కబురు చేస్తారు. మొదట్లో ‘ఈ రోజు నేనే వచ్చి తీసుకువెళతాను’ అని అమ్మాయికే మెసేజ్ పెట్టబోయి ఆగిపోయేదాన్ని. పగటిపూట పిల్లలకు ఫోను చేసే అలవాటు పిల్లల కంటే మాకే ఎక్కువగా ఉందని అప్పుడు అర్థమైంది.

అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ చట్టం ఆఖరి గంటతోనే ఆగిపోతుంది, పైగా బడి ఇచ్చిన కంప్యూటర్‌కు అది వర్తించదు. ఇంటికి వచ్చాక హోంవర్కు ఆ కంప్యూటర్‌లోనే చేయాలి. మీ అబ్బాయి మూడో లెక్క దగ్గర ఆగిపోయినట్టే మా అబ్బాయి వ్యాసం రెండో పేరా దగ్గర ఆగిపోతాడు, పక్క ట్యాబులో ఆట తెరిచి ఉంటుంది. ఇక్కడ చట్టం చేసినా ఆ సాయంత్రం సమస్య తీరలేదు. మాస్టారు చెప్పిన డైరీ మాకూ ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

సమాధానం 4
పదో తరగతి విద్యార్థిని తండ్రి, సూర్యాపేట జిల్లా

నమస్తే. మాస్టారి మీద గౌరవంతోనే కొంచెం విభేదిస్తున్నాను. ఉత్తరం అడగగానే ఫోన్లు 31 నుంచి 9కి తగ్గాయన్నారు. ఆ తగ్గినవన్నీ అనవసరమైనవేనని మనం ఎలా చెప్పగలం? అక్షరం రాని తల్లిదండ్రులు ఉత్తరం రాయించుకోలేక ఊరుకొని ఉండవచ్చు కదా.

మా అమ్మాయి రోజూ పదకొండు కిలోమీటర్లు వెళ్లి చదువుతున్నది. పదో తరగతికి సాయంత్రం స్టడీ అవర్స్ ఉంటాయి. చలికాలంలో వదిలేసరికి చీకటి పడుతుంది. బస్సు రాకపోతే ఆటో, ఆటో నిండకపోతే ఎదురుచూపు. పోయిన డిసెంబరులో ఒక రోజు ఏడున్నర దాటినా ఇంటికి రాకపోతే, మా అన్నదమ్ములం ఇద్దరం రెండు బండ్ల మీద రోడ్డుకు రెండు వైపులా వెతుక్కుంటూ పోయాం. పిల్ల బస్టాపు దగ్గర టీకొట్టు దీపం కింద నిలబడి ఉన్నది. కొట్టు ఆయన ఫోను అడగడానికి బిడియపడ్డది. ఆ రాత్రి నా భార్య పడిన బాధ నేను చెప్పలేను. మరునాడే ఫోను కొనిచ్చాను, కానీ కీప్యాడ్ ఫోను. మాట్లాడటం తప్ప అందులో ఇంకేమీ లేదు.

2025లో ఢిల్లీ హైకోర్టు కూడా ఈ విషయం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లలు బడికి ఫోను తేవడాన్నే పూర్తిగా నిషేధించడం సరికాదని, వీలున్న చోట పొద్దున తీసుకుని సాయంత్రం తిరిగి ఇచ్చే ఏర్పాటు చేయాలని, తరగతి గదిలో వాడకుండా చూడాలని, నియమాలు చేసేటప్పుడు తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను సంప్రదించాలని చెప్పింది. కాబట్టి తెనాలి అక్కగారి బడివాళ్లు చేసినట్టు ఫోనును ఏడాది చివరి వరకు ఉంచుకోవడం నాకు న్యాయంగా తోచడం లేదు. ఆడపిల్ల ఆ రోజు సాయంత్రం ఇంటికి ఎట్లా చేరాలి అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

ఫోన్లు ఇళ్లలోకి రానే వచ్చాయి. దేశంలోని పల్లెల్లో పిల్లల చదువు మీద జరిపే అసర్ సర్వే 2024లో చేసినప్పుడు, గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల ఇళ్లలో పదింట తొమ్మిదింటికి స్మార్ట్‌ఫోను ఉన్నట్టు తేలింది. వాడటం వచ్చిన పిల్లల్లో, అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా చూసినవారు 76 శాతం. అందుకని నేను అడిగేది ఒక్కటే. ‘ఫోను’ అని ఒకే పేరుతో పిలవకుండా కీప్యాడ్ ఫోనుకు ఒక నియమం, స్మార్ట్‌ఫోనుకు మరొక నియమం పెట్టమని సమావేశంలో అడగండి.

సమాధానం 5
ఏడో తరగతి విద్యార్థి తల్లి, హైదరాబాద్

సూర్యాపేట అన్నగారి మాటకు ఒక్కటి జతచేస్తాను. మా బాబుకు టైప్ 1 మధుమేహం ఉంది. చేతికి అతికించిన సెన్సరు రక్తంలో చక్కెరను కొలిచి ఫోనుకు పంపుతుంది, పడిపోతుంటే ఫోను మోగుతుంది. అందువల్ల ఫోను వాడి దగ్గరే ఉండాలి, ఆఫీసు పెట్టెలో ఉంటే కుదరదు. డాక్టరు ఉత్తరం ఇచ్చాక బడివారు ఒప్పుకున్నారు కానీ, ఆ సంగతి మిగతా టీచర్లకు చెప్పలేదు. కొత్తగా వచ్చిన ఒక సారు మోగుతున్న ఫోనును లాక్కుని బల్ల సొరుగులో పెట్టారు. తోటి పిల్లలే లేచి ‘సార్, వాడికి షుగర్ సార్’ అని చెప్పారు. నియమం రాసే కాగితం మీదే ఇటువంటి పిల్లల మాట ఉండాలి, ఆ మాట ప్రతి టీచరుకూ తెలియాలి. టెక్సాస్ చట్టంలో అది ఉందని చదివి సంతోషించాను.

సమాధానం 6
ప్రశ్న అడిగిన తల్లి, తెనాలి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సమావేశం శనివారం జరిగింది. విజయవాడ మేడమ్ చెప్పినట్టే టీచర్లను ఏమీ అనకుండా కరస్పాండెంట్ గారికి కాగితం ఇచ్చాను. దాని మీద 22 మంది తల్లిదండ్రులు సంతకాలు చేశారు. సంతకాల కోసం మూడు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగాను. తిరిగినప్పుడే తెలిసింది, నా ఇంట్లో జరిగినదే సగం ఇళ్లలో జరుగుతోంది. ఒక్కో తల్లీ అది తన పిల్లవాడి తప్పు మాత్రమేననుకుని బయటకు చెప్పుకోలేదు.

ఆయన మొదట ఒప్పుకోలేదు. పక్క బడులన్నీ పెడుతుంటే మనం మానేస్తే వెనకబడినట్టు కనిపిస్తుందన్నారు. అప్పుడు మా అబ్బాయి డైరీ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, జూలై నుంచి ఒక్కో కాగితం తిప్పి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తొమ్మిది, పది తరగతులకు మాత్రం ఒక నెల చూద్దామన్నారు. చివరి పీరియడులో పది నిమిషాలు కుదరదట, ఐదు నిమిషాలు ఇస్తారట. గ్రూపులో క్లాస్ టీచర్ ఒక్కరే సాయంత్రం ఐదున్నరకు టైపు చేసిన సందేశం పంపుతారు. మధుమేహం ఉన్న పిల్లల మాట చెబితే వెంటనే రాసుకున్నారు. కీప్యాడ్ ఫోను మాట చెప్పినప్పుడు మాత్రం ఆలోచిస్తామన్నారు, పట్టుబడిన ఫోనును ఏడాది చివరి వరకు ఉంచుకునే నియమం కూడా మారలేదు. ఈ రెండింటి మీద వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను.

మావారి పాత ఫోను ఇప్పుడు నాతోపాటు దుకాణానికి వస్తోంది. అత్తగారి మంచం పక్కన కీప్యాడ్ ఫోను ఒకటి పెట్టాం, ఏదైనా అవసరమైతే మా అబ్బాయి దానితో నాకు చేస్తాడు. మొదటి రెండు రోజులు వాడు సాయంత్రం గంటకోసారి చేసి, ఏమీ తోచడం లేదని చెప్పాడు. మూడో రోజు చేయలేదు. ఇంటికి వచ్చి చూస్తే నానమ్మ మంచం పక్కన చాప వేసుకుని కూర్చుని, డైరీలో రాసుకున్న లెక్కలు ఆవిడకు బిగ్గరగా చదివి వినిపిస్తున్నాడు.

మాస్టారూ, ఒక సందేహం మిగిలింది. మా లెక్కల మాస్టారు బోర్డు మూలన ‘అభ్యాసం 4.2, 1 నుంచి 6’ అని రాస్తున్నారు. ఆ రోజు బడికి రాని పిల్లలు తెలుసుకోవడం ఎలా అని నలుగురు తల్లులు నన్ను అడుగుతున్నారు, మళ్లీ ఫొటోలు పెట్టమంటారేమోనని నాకు భయంగా ఉంది. మీ బడిలో వాళ్ల కోసం ఏమి చేసేవారో చెబుతారా?